పై మెట్టు దగ్గరే కాలు ఎందుకు తడబడుతుంది?

కరెంటు పోయిన రాత్రి ఇంటి మెట్లు ఎక్కేవాళ్లను గమనిస్తే ఒక వింత కనబడుతుంది. చేతిలో దీపం ఉండదు, కిందికి చూసే పనీ ఉండదు. మెట్లు ఎన్ని అని అడిగితే ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా తడుముకుంటారు. అయినా కాలు తప్పదు. అదే మనుషులు కొత్తగా కట్టిన ఇంటికి గృహప్రవేశానికి వెళ్లి, పట్టపగలు, ఆఖరి మెట్టు దగ్గర ముందుకు తూలి గోడ పట్టుకుంటారు. ఒకరిద్దరు అయితే పరధ్యానం అనుకోవచ్చు. వచ్చినవాళ్లలో సగం మంది అదే మెట్టు దగ్గర తూలుతుంటే తప్పు మనుషులది కాదని తేలిపోయినట్టే. "అక్కడ కాస్త చూసుకొని" అని ఇంటివాళ్లు హెచ్చరిస్తూనే ఉంటారు, తూలేవాళ్లు తూలుతూనే ఉంటారు. చీకట్లో కూడా కాలిని మోసగించని మెట్లు కొన్ని, వెలుతురులోనూ మోసగించేవి కొన్ని ఎందుకున్నాయి?

చెన్నూరు లాంటి ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు చెక్క మెట్ల దగ్గర వెతకడమే న్యాయం. గోదావరి ఉత్తరానికి మళ్లి పారే ఈ ఊరు 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. చుట్టుపక్కల ఉన్నది టేకు అడవి. దూలమైనా, దర్వాజైనా, అటకకు ఎక్కే మెట్లయినా టేకుతో చేయించుకోవడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. స్లాబు ఇళ్లు వచ్చాక సిమెంటు మెట్లే ఎక్కువయ్యాయి, నిజమే. అయితే సిమెంటు మెట్టులో అరంగుళం తేడా వస్తే ప్లాస్టరింగులోనో, పైన పరిచే బండలోనో సర్దేస్తారు. చెక్కలో ఆ వెసులుబాటు లేదు. మెట్లను మోసే వాలు పలక మీద వడ్లాయన గీసిన గీతే ఆఖరి మాట. అందుకే కొలత చేసే మేలు, కొలత తప్పితే జరిగే కీడు రెండూ చెక్క మెట్లలో స్పష్టంగా బయటపడతాయి. మెట్లు సుఖంగా ఎక్కగలమా లేదా అన్నది ఒక్కో మెట్టు ఎంత ఎత్తుంది అన్నదానికంటే, అన్ని మెట్లూ ఒకే ఎత్తున ఉన్నాయా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ సమానత రంపం పట్టాక వచ్చేది కాదు. అంతకుముందే, కొలతలోనే రావాలి. ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇదే.

పాదానికి ఉన్న లెక్క

మెట్లు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు కళ్లు మొదటి ఒకటి రెండు మెట్లను కొలుస్తాయి. కాలు ఆ ఎత్తుకు లేస్తుంది, పాదం ఆనుతుంది, మోకాలు బరువును అందుకుంటుంది. రెండో మెట్టుతో ఆ లెక్క ఖాయమవుతుంది. ఇక మూడో మెట్టు నుంచి మెదడు మళ్లీ మళ్లీ కొలవదు, అదే కదలికను తిరిగి చేయిస్తుంది. కళ్లు పక్కకు మళ్లుతాయి, మాటల్లో పడతాం, బిందె మోస్తున్నా పిల్లను ఎత్తుకున్నా నడక ఆగదు. ఈ పొదుపులోనే ప్రమాదం కూడా ఉంది. అవసరానికి మించి కాలెత్తితే అలసట కాబట్టి, కాలివేళ్లు మెట్టు అంచును దాటడానికి కావలసినంత మాత్రమే శరీరం కాలిని లేపుతుంది. ఆ వదులు చాలా తక్కువ. పై మెట్టు కొంచెం ఎత్తుగా ఉంటే కాలి కొస అంచుకు కొట్టుకుంటుంది.

దిగేటప్పుడు ఇంకా కష్టం. పాదం కింది మెట్టును తాకకముందే, అది ఏ క్షణాన తాకుతుందో లెక్కవేసుకొని పిక్కలోని కండరాలు బిగుసుకుంటాయి. ఆ క్షణానికి మెట్టు తగలకపోతే బిగుసుకున్న కాలు గాలిలో ఉంటుంది, శరీరం బరువు అప్పటికే ముందుకు వచ్చేసి ఉంటుంది. ఎక్కేటప్పుడు తూలితే చేతులు ముందున్న మెట్ల మీద పడతాయి. దిగేటప్పుడు తూలితే ముందు ఖాళీ తప్ప ఏమీ ఉండదు. మెట్ల మీద పెద్ద దెబ్బలు ఎక్కువగా దిగేటప్పుడే తగలడానికి కారణం ఇదే.

ఇంత చిన్న తేడా నిజంగా మనుషులను పడేస్తుందా అని అనుమానం రావచ్చు. 2012లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ 36వ వీధి సబ్‌వే స్టేషన్ మెట్లను ఒక చిత్రనిర్మాత వీడియో తీశాడు. ఆ వరసలో ఒకే ఒక మెట్టు మిగతావాటికంటే అంగుళంలో కొంత భాగం ఎత్తు ఎక్కువ. కంటికి ఆనేంత తేడా కాదు. అయినా కుర్రవాళ్లు, పెద్దవాళ్లు, బిడ్డను ఎత్తుకున్న తండ్రి, ఒకరి తర్వాత ఒకరు సరిగ్గా ఆ మెట్టు దగ్గరే తట్టుకున్నారు. వీడియో బయటికొచ్చాక అధికారులు ఆ మెట్లను మూసి బాగుచేయించారు. ఆ మెట్టు మరీ ఎత్తైనదేమీ కాదు. వరసలో అన్నీ అంతే ఎత్తున ఉంటే ఎవరూ తట్టుకునేవారు కాదు.

నిర్మాణ నిబంధనలను పక్కపక్కన పెట్టి చూసినా ఇదే తేలుతుంది. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదు, కాలు పెట్టే పలక, అంటే మేస్త్రీలు ట్రెడ్ అనేది, 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బ్రిటన్ నిబంధనల్లో మెట్టు ఎత్తుకు రెండింతలు వేసి దానికి ట్రెడ్ కలిపితే 550 నుంచి 700 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అంటే 150 మిల్లీమీటర్ల వెసులుబాటు. అదే అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్ ఒకే వరసలోని మెట్ల ఎత్తుల మధ్య తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. మెట్టు ఎంత ఉండాలన్నప్పుడు చూపే ఉదారత, మెట్టుకీ మెట్టుకీ తేడా దగ్గరికి వచ్చేసరికి మాయమవుతోంది. మనిషి పాదం ఏ ఎత్తుకైనా సర్దుకుంటుంది, మధ్యలో మాట తప్పితే మాత్రం సహించదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. నది ఒడ్డున ఘాట్ మెట్లు చూడండి, అరిగి, కుంగి, ఏ రెండూ ఒకలా ఉండవు. అయినా జనం దిగుతూనే ఉన్నారు కదా? దిగుతున్నారు, ప్రతి మెట్టునూ చూసుకుంటూ దిగుతున్నారు. నీటి తడి, నాచు ఉన్న చోట కళ్లు పక్కకు మళ్లవు, పాదం అలవాటు పడనే పడదు. ప్రమాదం మొదలయ్యేది పది మెట్లు ఒకే తీరున ఉండి నమ్మకం కలిగించి, పదకొండోది మారినప్పుడు.

మొత్తం ఎత్తు, సమాన వాటాలు

మెట్ల కొలత ఒక్క సంఖ్యతో మొదలవుతుంది: కింది గచ్చు పైభాగం నుంచి పై అంతస్తు గచ్చు పైభాగం దాకా నిలువు ఎత్తు. మెట్టు ఇంత ఉండాలని ముందే అనుకొని కింది నుంచి ఒక్కోటీ వేసుకుంటూ పోతే, పైకి చేరేసరికి మిగిలిన ముక్క ఆఖరి మెట్టు అవుతుంది. అది నాలుగు అంగుళాలూ కావచ్చు, తొమ్మిదీ కావచ్చు. గృహప్రవేశం నాడు అందరినీ తూలించిన మెట్టు చాలాసార్లు పుట్టేది ఇలాగే. సరైన దారి దీనికి తలకిందులు. మొత్తం ఎత్తును ముందు ఖాయం చేసుకోవాలి, దాన్ని సమాన వాటాలు వేయాలి, వచ్చిన వాటాయే మెట్టు ఎత్తు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొత్తం ఎత్తు 3,120 మిల్లీమీటర్లు, అంటే సుమారు పది అడుగుల మూడు అంగుళాలు. పదహారు వాటాలు వేస్తే మెట్టు 195 అవుతుంది, కోడ్ చెప్పిన హద్దు దాటుతుంది. పదిహేడు వేస్తే 183.5, పద్దెనిమిది వేస్తే 173 పైచిలుకు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న పట్టింపు మన ఇళ్లలో గట్టిగా ఉంది. ఈ పట్టింపుతో కొలతకు గొడవేమీ లేదు, పదిహేడు తీసుకుంటే రెండూ నెరవేరుతాయి. గొడవ ఎక్కడొస్తుందంటే, సరి సంఖ్యకు గీతలు గీసేశాక గుర్తొచ్చి, కింద ఒక పొట్టి మెట్టు తగిలించి లెక్క బేసి చేసినప్పుడు. ఆచారం పాటించాలనుకుంటే వాటాలు వేసేటప్పుడే పాటించాలి. ఇంకో సంగతి: పదిహేడు ఎత్తులకు కావలసిన ట్రెడ్‌లు పదహారే. పదిహేడో అడుగు పడేది పై అంతస్తు గచ్చు మీద. టేకు పలకలకు లెక్క చెప్పేటప్పుడు, నేల మీద మెట్ల పొడవు గీసేటప్పుడు ఈ ఒక్కటి మరిచిపోవడం మామూలే.

ఇక ట్రెడ్ ఎంత? 1675 నుంచి వెలువడిన తన వాస్తు పాఠాల్లో ఫ్రెంచ్ ఇంజినీరు ఫ్రాన్స్వా బ్లోందెల్ ఒక సూత్రం చెప్పాడు. సమతలం మీద మనిషి అంగ 24 ఫ్రెంచ్ అంగుళాలు, పైకి ఎక్కడం ముందుకు నడవడానికి రెండింతలు కష్టం, కాబట్టి ఎక్కే ప్రతి అంగుళానికీ అంగలోంచి రెండు అంగుళాలు తీసేయాలి. ఇప్పటి లెక్కలో అది సుమారు 650 మిల్లీమీటర్లు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచివాళ్ల అంగ మనకెలా సరిపోతుందని అడగవచ్చు, అడగాల్సిందే. అది శిలాశాసనం కాదు. మన కోడ్‌లోని 190, 250 అంకెలనే ఈ సూత్రంలో పెడితే 630 వస్తుంది. ఇంట్లో వయసు మళ్లినవాళ్లు ఉంటే ఎత్తు తగ్గించి ట్రెడ్ పెంచుకోవచ్చు. మన ఉదాహరణలో 183.5కు రెండింతలు 367, ట్రెడ్ 265 పెట్టుకుంటే మొత్తం 632. పదహారు ట్రెడ్‌లకు నేల మీద 4,240 మిల్లీమీటర్లు, దాదాపు పద్నాలుగు అడుగుల చోటు కావాలి.

"అంత చోటు ఎక్కడిది?" అన్నది చాలా ఇళ్లలో వచ్చే మాట. నిజానికి ఇరుకు చాలావరకు ముందే చేసిన ఒక తప్పు ఫలితం. స్లాబు వేసేటప్పుడు మెట్ల కోసం వదిలే ఖాళీని అంచనాగా వదులుతారు. తల తగలకుండా ఎక్కాలంటే మెట్ల మీద కనీసం 2.2 మీటర్ల ఎత్తు ఉండాలి. స్లాబు, గచ్చు కలిపి 150 మిల్లీమీటర్ల మందం అనుకుంటే, మన ఉదాహరణలో నాలుగో మెట్టు దాటగానే తల మీద స్లాబు ఉండకూడదు. అంటే మిగతా పన్నెండు ట్రెడ్‌ల పొడవునా, పదిన్నర అడుగుల ఖాళీ వదలాలి. ఆరడుగులు వదిలి తర్వాత వడ్లాయనను పిలిస్తే ఆయన చేతిలో మిగిలేది మెట్లను నిచ్చెనలా నిటారుగా నిలబెట్టడమే. చోటు నిజంగానే తక్కువైతే మధ్యలో ఒక చదును పెట్టి మెట్లను మళ్లించాలి, ట్రెడ్ కోసేయకూడదు. అటకకు వేసే నిటారు మెట్ల మీద తరాలుగా ఎక్కుతున్నారు కదా అంటారా? వాటిని చేతులతో పట్టుకొని, దిగేటప్పుడు కూడా మెట్ల వైపే తిరిగి దిగుతారు. అది నిచ్చెన పద్ధతి. చేతిలో గిన్నెతో ముందుకు చూస్తూ దిగే మెట్లకు ఆ పోలిక కుదరదు.

టేపును వాల్చి పెడితే

183.5 అన్న అంకె వచ్చింది. దాన్ని కర్ర మీదికి ఎలా ఎక్కించాలి? 183.5 కొలిచి గీత, ఆ గీత నుంచి మళ్లీ 183.5 కొలిచి గీత, ఇలా పదిహేడు సార్లు. చూడటానికి నిర్దోషమైన పద్ధతి, నిజానికి తప్పులకు పుట్టిల్లు. అర మిల్లీమీటరు సన్నటి పెన్సిలు గీత మందమంత కూడా ఉండకపోవచ్చు. 183.5ను ప్రతిసారీ 184గా గీస్తే పైకి చేరేసరికి 8.5 మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది, 185గా గీస్తే 25.5. బతుకమ్మను పేర్చేటప్పుడు కింది వరస ఒరిగితే పై వరసలన్నీ ఒరిగినట్టు, ప్రతి గీతా కింది గీత తప్పును మోసుకొని తన తప్పును కలుపుకుంటుంది. మొత్తం బాకీ ఆఖరి మెట్టు మీద పడుతుంది. పై మెట్టు దగ్గరే కాళ్లు తడబడటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

విరుగుడు సులువే. టేపు సున్నాను కింద ఒకేచోట ఉంచి, కదపకుండా 183.5, 367, 550.5, 734, 917.5 అంటూ 3,120 దాకా గుర్తులు పెట్టాలి. ఏ గుర్తులో తప్పు ఆ గుర్తులోనే ఆగిపోతుంది, పక్కదానికి అంటదు. అంకెల బెడద లేని ఇంకో మార్గం కూడా ఉంది, దగ్గరగా చూడదగ్గది. మెట్లు ఆనే గోడ మీద కింది గచ్చు మట్టాన ఒక అడ్డగీత, పై గచ్చు మట్టాన ఒక అడ్డగీత గీయండి. వాటి మధ్య నిలువు దూరం 3,120. ఇప్పుడు టేపు సున్నాను కింది గీత మీద పెట్టి, టేపును నిలువుగా కాకుండా పక్కకు వాలుస్తూ, సరిగ్గా 3,400 అంకె పై గీతను తాకేదాకా జరపండి. కింది కొస నుంచి సుమారు 1,350 మిల్లీమీటర్లు పక్కకు వచ్చేసరికి తాకుతుంది. 3,400 ఎందుకంటే అది పదిహేడు రెండు వందలు. ఇక టేపు మీద 200, 400, 600, 800 దగ్గర చుక్కలు పెట్టుకుంటూ పోవడమే. ఒక్కో చుక్క నుంచి మట్టం బద్దతో అడ్డంగా గీత గీస్తే గోడ మీద పదిహేడు సమాన వాటాలు పడతాయి. 183.5 అన్న మాట ఎవరూ పలకనే లేదు, భాగహారం చేయనే లేదు. రెండు సమాంతర గీతల మధ్య ఏటవాలు రేఖను సమాన భాగాలు చేస్తే, ఆ భాగాల నిలువు ఎత్తులు కూడా సమానమే అవుతాయన్నది బడిలో చదివిన రేఖాగణితమే. ఈ గుర్తులను ఒక నిలువు కర్ర మీదికి దించుకుంటే, ఇక పని పూర్తయ్యేదాకా టేపు అక్కర్లేదు. ప్రతి మెట్టునూ ఆ కర్ర పక్కన నిలబెట్టి సరిచూస్తే చాలు.

■ నీళ్ల పైపు ఎందుకు అబద్ధం చెప్పదు
మెట్ల అడుగు ఆనే చోటుకూ, పైన చేరే చోటుకూ మధ్య నాలుగు మీటర్ల దూరం ఉంది. గచ్చు కంటికి చదునుగా కనబడినా, నీళ్లు పోవడానికి మీటరుకు ఒక సెంటీమీటరు వాలు పెట్టి ఉంటే నాలుగు మీటర్లకు 40 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అందుకే మొత్తం ఎత్తును పై అంచుకు సరిగ్గా కింద కాకుండా, మొదటి మెట్టు ఆనే చోటు నుంచి తీయాలి. అంత దూరానికి మట్టం తీసుకెళ్లడానికి మేస్త్రీలు వాడే సన్నటి పారదర్శక పైపులో నీళ్లు నింపి రెండు కొసలూ ఎత్తిపట్టుకుంటే, రెండువైపులా నీటి మట్టం ఒకే ఎత్తున నిలుస్తుంది. నీటి పైన రెండు చోట్లా ఒకే గాలి ఒత్తిడి ఉంటుంది కాబట్టి, ఒకవైపు మట్టం ఎక్కువగా ఉంటే అదనపు బరువు నీటిని రెండోవైపు నెట్టి సమానం చేస్తుంది. మధ్యలో పైపు ఎన్ని వంపులు తిరిగినా తేడా రాదు. చెడగొట్టేవి రెండే: పైపులో చిక్కుకున్న గాలి బుడగ, కొసను మూసిన బొటనవేలు. బుడగ ఉంటే ఆవైపు నీటి బరువు తగ్గి మట్టం పైకి నిలుస్తుంది. వేలితో మూస్తే గాలి ఒత్తిడి మారుతుంది. గీత గీసే ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి ఒకే మట్టం చూపుతున్నాయో లేదో చూసుకోవాలి.

మొదటిదీ చివరిదీ

కొలతలన్నీ సరిగ్గా చేసినా మెట్లు చెడిపోయే చోటు ఇంకొకటి ఉంది. వాలు పలకకు 183.5 ఎత్తున గంట్లు పెట్టి, ఆ గంట్ల మీద 32 మిల్లీమీటర్ల మందం ట్రెడ్‌లు పరిచారనుకోండి. మధ్యలో ఉన్న ప్రతి ట్రెడ్ తన మందమంత లేస్తుంది, దాని కిందిదీ అంతే లేస్తుంది, కాబట్టి వాటి మధ్య తేడా రాదు. మొదటి ట్రెడ్ కింద మాత్రం లేవని గచ్చు ఉంది, అక్కడ ఎత్తు 215.5 అవుతుంది. చివరి ట్రెడ్ పైన లేవని స్లాబు ఉంది, అక్కడ 151.5 అవుతుంది. గంట్లన్నీ సమానం, మెట్లు మాత్రం అసమానం. చేయాల్సింది ఒకటే: వాలు పలక అడుగు భాగాన్ని ట్రెడ్ మందమంత, 32 మిల్లీమీటర్లు, కోసి దించడం. ఒక్క రంపపు కోతతో పదిహేడూ సమానమవుతాయి.

గచ్చు విషయం ఇంతకంటే తరచుగా దెబ్బతీస్తుంది. మెట్లు పెట్టేనాటికి ఇంట్లో బండలు పరచి ఉండకపోతే, కొలత వట్టి కాంక్రీటు మీద జరుగుతుంది. తర్వాత తాండూరు బండో, గ్రానైటో, దాని కింది మాలుతో కలిపి 50 మిల్లీమీటర్లు పెరిగిందనుకుంటే మొదటి మెట్టు 133.5కు కుంగుతుంది. పైన కూడా అంతే పరిస్తే చివరి మెట్టు 233.5కు లేస్తుంది. మొత్తం ఎత్తు ఏమాత్రం మారలేదు, ఎందుకంటే రెండువైపులా ఒకే మందం పెరిగింది. అయినా ఒకే వరసలో 100 మిల్లీమీటర్ల తేడా వచ్చి కూర్చుంది. వడ్లపని చేసేవారు, బండలు పరిచేవారు వేరువేరు రోజుల్లో వస్తారు, ఒకరి పని ఒకరికి తెలియదు. అందుకే మెట్ల కొలత తీసే రోజున బండ ముక్క ఒకటి, మాలు మందం ఎంతో చెప్పగల మేస్త్రీ ఒకరు అక్కడ ఉండటం టేపు కంటే ముఖ్యం.

టేకు ఆరేటప్పుడు

కర్ర విషయానికి వద్దాం. టేకుకు ఉన్న పేరు ఊరికే రాలేదు. చేవదేరిన టేకుకు చెదలు సులువుగా పట్టదు, పైగా ఆరేటప్పుడు మిగతా చాలా కర్రల కంటే తక్కువ ముడుచుకుంటుంది. తక్కువంటే అసలు లేదని కాదు. పచ్చికర్ర పూర్తిగా ఆరిపోయేసరికి, వార్షిక వలయాల వెంట సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా, దుంగ నడిమి నుంచి బెరడు దిశగా, సుమారు 2.5 శాతం తగ్గుతుంది. పొడవు వెంట తగ్గేది లెక్కలోకి రానంత తక్కువ. ఇంట్లో వాడే కర్ర పూర్తిగా ఎండిపోదు కాబట్టి ఇందులో సగానికి పైగా జరుగుతుందనుకోవచ్చు. అంటే వలయాల వెంట కోసిన పచ్చి పలక వెడల్పు 3 శాతం తగ్గితే, 265 మిల్లీమీటర్ల ట్రెడ్ 8 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. ట్రెడ్‌కు ట్రెడ్‌కు మధ్య నిలువుగా బిగించే పలక ఐదారు మిల్లీమీటర్లు తగ్గి పైన సందు పడుతుంది. కాలు పెట్టినప్పుడల్లా వచ్చే కిర్రు చప్పుడు ఆ సందులోదే.

వాలు పలకలో జరిగేది ఇంకా ఆసక్తికరం. అది పొడవు వెంట కదలదు, వెడల్పులో మాత్రం తగ్గుతుంది. గంటు అన్నది పొడవు వెంట ఉన్న రేఖకు వాలుగా కోసిన మూల కాబట్టి, వెడల్పు తగ్గితే ఆ మూల తెరుచుకుంటుంది. 3 శాతం తగ్గితే ట్రెడ్ దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, లోపలి అంచు కంటే ముందంచు సుమారు 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే దిగేవాళ్ల పాదాన్ని ముందుకు జార్చే దిక్కుకే. మూలమట్టం పెట్టి సరిగ్గా కోసిన మెట్లు ఒక ఎండాకాలం గడిచాక ముందుకు వాలినట్టు కనబడితే, కోతలో తప్పు వెతకనక్కర్లేదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటి, వానాకాలంలో తడిసి ముద్దయ్యే ఈ ప్రాంతంలో సీజన్ చేసిన కర్రే వాడమనడం, వీలైతే వాలు పలకకు దుంగ నడిబొడ్డు మీదుగా కోసిన పలకను ఎంచుకోమనడం ఇందుకే. అలాంటి పలక వెడల్పు ముడుచుకునేది వలయాల వెంట కోసినదానిలో సగం కూడా ఉండదు.

గంట్లు పెట్టడమా, గాడి తీసి ట్రెడ్‌ను అందులోకి దూర్చడమా అన్నదానికీ కొలతే జవాబు చెబుతుంది. మన ఉదాహరణలో వాలు పలక పొడవు 5 మీటర్ల పైమాటే, వెడల్పు 290 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక్కో గంటు పలక అంచు నుంచి 151 మిల్లీమీటర్లు లోపలికి తినేస్తుంది. మిగిలేది 139. సగం వెడల్పు పోతే బిగువు సగమే పోతుందనిపిస్తుంది, అలా కాదు. వంగకుండా నిలిచే శక్తి వెడల్పు సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇక్కడ సగం కంటే కొంచెం ఎక్కువే పోయింది కాబట్టి మిగిలేది తొమ్మిదో వంతు. ఐదు మీటర్ల పొడవున అది ఊగుతుంది. గాడి తీసే పద్ధతిలో పలక పక్క భాగంలో వేలెడు లోతు కూడా తీయనక్కర్లేదు, వెడల్పు పూర్తిగా నిలుస్తుంది. పని ఎక్కువ, నిజమే. గాడిలో ట్రెడ్ బిగుసుకోవడానికి కింద చెక్క చీలిక కొట్టాలి, ప్రతి గాడినీ నిలువు కర్ర మీది గుర్తుతో సరిచూడాలి. ఆ శ్రమకు తగ్గ ఫలితం ఉంటుంది కాబట్టి, ఖరీదైన టేకు తెచ్చుకున్నప్పుడు ఈ దారే మేలనిపిస్తుంది.

అనుభవం ఉన్న చేతికి ఇంత లెక్క ఎందుకని పనివాళ్లు అడగడంలో న్యాయం లేకపోలేదు. రంద పట్టిన పలకను చేత్తో తడిమి చదును చెప్పగలిగే చేతులవి. ఏ ఇంటికి ఎన్ని మెట్లు కుదురుతాయో, కర్రలో ముడి ఎక్కడుందో, ఏ పలక మెలి తిరుగుతుందో అనుభవం చెప్పినట్టు ఏ కోడూ చెప్పదు. కానీ 180 మిల్లీమీటర్ల ఎత్తులో 10 మిల్లీమీటర్ల తేడాను దూరం నుంచి ఏ కన్నూ పట్టలేదు. మూడడుగుల వెడల్పున్న మెట్టును పై నుంచి చూస్తే ఎత్తు అసలు కనబడనే కనబడదు. బ్రూక్లిన్‌లో తట్టుకున్నవాళ్లెవరూ కళ్లు లేనివాళ్లు కారు. కంటికి ఆనని తేడాను పాదం పడుతుంది కాబట్టే, కంటి అంచనాకు వదలకూడని కొలత ఇది.

కట్టేసిన మెట్లలో తప్పు దొరికితే

ఇప్పటికే ఉన్న మెట్లను సరిచూడటానికి దారం చాలు. మొదటి మెట్టు ముందంచు నుంచి ఆఖరి మెట్టు ముందంచు దాకా, ఆపైన గచ్చు అంచు దాకా బిగుతుగా దారం లాగితే అన్ని అంచులూ దాన్ని తాకాలి. ఏ అంచు దగ్గర సందు కనబడితే, ఏ అంచు దారాన్ని పైకి నెడితే, అక్కడ కొలత తప్పింది. కింది గచ్చు నుంచి మొదటి మెట్టు ఎత్తును మాత్రం దారం పట్టదు, అది విడిగా టేపుతో చూడాలి.

తప్పు ఎక్కువగా దొరికేది పై కొసలోనే. మన ఉదాహరణలోనే పై అంతస్తులో తర్వాత పరిచిన టైల్స్ వల్ల ఆఖరి మెట్టు 20 మిల్లీమీటర్లు పెరిగి 203.5 అయిందనుకుందాం. చాలామంది చేసేది ఆఖరి ట్రెడ్ మీద 20 మిల్లీమీటర్ల పలక కొట్టడం. దాంతో ఆఖరిది సరిపోతుంది, దాని కిందిది 203.5 అవుతుంది. తప్పు పోలేదు, ఒక మెట్టు కిందికి దిగింది. చేయాల్సింది ఆ 20ని పదిహేడుకూ పంచడం. ఒక్కోదానికి వచ్చేది దాదాపు 1.2 మిల్లీమీటర్లు. ట్రెడ్‌లు విప్పి, మొదటిదాని కింద 1.2, రెండోదాని కింద 2.4, మూడోదాని కింద 3.5, ఇలా పెంచుకుంటూ పదహారోదాని కింద 18.8 మిల్లీమీటర్ల మందం టేకు చీలికలు పెట్టి మళ్లీ బిగిస్తే, ప్రతి మెట్టూ 184.7 అవుతుంది. ట్రెడ్‌లు గంట్ల మీద స్క్రూలతో ఆని ఉంటే ఇది ఒకటి రెండు రోజుల పని. గాడిలో దూర్చిన ట్రెడ్‌లకైతే గాడి పై అంచును కొంత తీయాల్సి ఉంటుంది. సిమెంటు మెట్లకు మాత్రం మొత్తం వరస మీద కొత్త పొర పోయాలి, 1.2 మిల్లీమీటర్ల సిమెంటు పొర నిలవదు కాబట్టి పరిచిన బండలు లేపి మళ్లీ పరచాలి.